కొండ దిగే ఇంజను కోసం

మా మేనమామ సన్యాసిరావుగారు పిల్లలు లేని దిగులు మరచిపోవడానికి దేశదేశాల్లో రైలుబొమ్మలు కొనుక్కున్నారని, మొన్న శృంగవరపుకోటలో జరిగిన సంతాపసభలో ముగ్గురు పెద్దమనుషులు ఏకకంఠంతో సెలవిచ్చారు. నాలుగో ఆయన ఇంకో మెట్టు పైకెక్కి, "బొమ్మ కోసం ప్రాణం విడిచిన పసిహృదయం" అన్నారు. సభలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు. లేచి నిలబడి "అబద్ధం" అన్నాను. సభామర్యాద తెలియని మనిషినని ఈపాటికి నాలుగు ఊళ్లకీ తెలిసే ఉంటుంది. తెలియనివ్వండి. ఆ పూట నన్ను పూర్తిగా మాట్లాడనివ్వలేదు కనుక ఈ పూట రాస్తున్నాను.

వార్త వచ్చిన తీరు ముందు చెప్పాలి. మావయ్య సరుకుల ఓడలో ఇంజనీరు. అదే ఓడలో ఆయనతో పాటు ఇంజను గదిలో పనిచేసిన మలయాళీ మిత్రుడొకరు రాసిన ఉత్తరం నేను పాఠాలు చెప్పే బడికి వచ్చింది. మూడో ఫారం పిల్లలకి భిన్నాలు చెబుతున్నాను. ఒక పిల్ల హారం పైనా లవం కిందా వేసిందని కేకలేస్తూనే కవరు చింపాను. ఆంట్‌వెర్ప్ రేవులో, ఆసుపత్రిలో, జ్వరంతో. చదివి, మడిచి, పుస్తకంలో పెట్టి, అదే పిల్లని అదే లెక్కకి మళ్లీ మొదటినుంచీ కేకలేశాను. "సరిచేశానండీ" అని ఆ పిల్ల బెదురుతూ నోటుబుక్కు చూపించింది. చూశాను. సరిగ్గానే ఉంది. ఇటువంటి చోట పిడుగు పడ్డట్టయిందని రాయడం ఆనవాయితీ. పిడుగైతే ఒకసారి పడి ఊరుకుంటుంది. నాకు ఆనాటినుంచీ కూర్చుంటే లేవాలనీ, లేస్తే నడవాలనీ, నడిస్తే ఎవరితోనైనా తగువు పెట్టుకోవాలనీ ఉంది. ఈ నాలుగు మాటలూ పదిసార్లు లేచి తిరిగి రాస్తున్నవే.

నా తగువు ఇది. మావయ్య ఆఖరిగా వెతికింది కొండ ఎక్కడమే గాక, దిగేటప్పుడు కూడా అదుపు తప్పకుండా దిగే, కీ ఇచ్చి నడిపే బొమ్మ ఇంజనుని. దాన్ని వెతకమని ఆయన్ని దేశాల మీదికి తోలింది సంతానాపేక్ష కాదు. నేను. పెద్దమనుషులు ఆ మరణానికి కారణం నా నోటి మీద పెట్టి ఉంటే, ఆ సభలో నోరు మూసుకుని కూర్చునేదాన్ని.

మా అమ్మకి ఇద్దరు తమ్ముళ్లు. పెద్దవాడు అప్పలస్వామి మావయ్య భీమిలి విడిచి అరకులోయకి ఎక్కి, సంతబయలు పక్కన కొట్టు పెట్టాడు. ఉప్పూ కిరసనాయిలూ గుడ్డా పైకి తేవడం, పసుపూ పిప్పళ్లూ చింతపండూ కిందికి పంపడం ఆయన వ్యాపారం. చిన్నవాడు సన్యాసిరావు విశాఖపట్నం రేవులో యంత్రాల పని నేర్చుకుని ఓడెక్కాడు. పెళ్లయిన ఏడాదికే భార్య కాలం చేసింది. మళ్లీ చేసుకోలేదు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను బి.ఏ. ప్యాసయినా, పంతులమ్మనైనా, నలభై దాటినా, ఆయన నోట మాత్రం చిన్నపిల్లని పిలిచినట్టు గుంటనే. "ఏటే గుంటా, ఇయ్యాల ఎవల్ని తిట్టినావు?" అన్నదే ఆయన కుశలప్రశ్న. ఏడాదికో ఏడాదిన్నరకో రెండు నెలల సెలవు దొరికితే తిన్నగా అరకు బస్సెక్కేవాడు. నాకు వేసవి సెలవులు కలిసివస్తే వెనకాలే నేనూ ఎక్కేదాన్ని.

స్థిమితం అన్నది ఆ మనిషి జాతకంలోనే లేదు. అన్నం కూడా నిలబడే తినేవాడు, పళ్లెం చేత పట్టుకుని, కొట్టుకీ వంటింటికీ మధ్య నడుస్తూ. "కూకోరా సన్నాసీ, తిన్నది ఒంటికి అంటుద్ది" అని మా అత్త, అంటే అప్పలస్వామి మావయ్య భార్య, ప్రతిపూటా మొత్తుకునేది. ఆయన సమాధానం ఎప్పుడూ ఒకటే. "ఓడలో నేల కదులుద్ది, నేను నిలబడతాను. ఇక్కడ నేల నిలబడుద్ది. మరి ఎవరో ఒకరు కదలాలి గదా వదినా?"

రైళ్ల గొడవ యుద్ధం ముగిసిన రెండు మూడేళ్లకి మొదలైంది. కొండల్లోకి రైలు వస్తుందట అన్న వదంతి అప్పటికే సంతలో తిరుగుతోంది. నాలుగు కోసుల అవతల కొండపల్లెనుంచి వారం వారం కావిడితో పసుపు తెచ్చే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. శుక్రవారం పుట్టాడు కనక పేరు సుక్రా. సంత కూడా శుక్రవారమే. కొండ కిందినుంచి వచ్చిన మావాళ్ల కొట్లలో అటువంటి వాళ్లని "ఒరే" అనడం రివాజు. మావయ్య "తాతా" అనేవాడు. "నలుగురూ వింటన్నారు, అలగ పిలవకు" అని అత్త గొణిగితే, "వయసు ఆయనదే గదా వదినా, నాదీ నీదీ కాదు" అనేవాడు. ఒక సంతనాడు సుక్రా కావిడి దించి అడిగాడు.

"ఓడబాబూ, రైలంతే ఏటి? అందరూ వత్తాది వత్తాది అంతన్నారు. ఏటొత్తాదో ఎవలూ సెప్పరు."

మావయ్య అగ్గిపెట్టెలు నాలుగు వరసగా పెట్టి, దారంతో కట్టి, బల్లమీద లాగి చూపించాడు. సుక్రా శ్రద్ధగా చూశాడు. "ఇది కూతేత్తాదా?" "ఏత్తాది తాతా." "మరి ఎయ్యలేదు." మావయ్య నోటితో కూత వేశాడు. "నువ్వు ఏసినావు. అది ఎయ్యలేదు" అని సుక్రా ఉప్పు మూట కట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మాట మావయ్యని గుచ్చింది. "ఈసారి తనంతట తాను నడిచేది తెత్తాను" అన్నాడు. అన్వేషణ అక్కడ మొదలైంది. ఏ ఉయ్యాలా చూసి మొదలవలేదు, సభాసదులు గమనించాలి.

తెలియని దేశంలో, తెలియని భాషలో, రైళ్లమ్మే కొట్టు పట్టుకోవడం ఎలా? ఓడ రేవులో ఉండేది మూడు నాలుగు రోజులు. తోటివాళ్లు ఊరు చూడబోతే మావయ్య తిన్నగా మంగలి కొట్టుకి వెళ్లేవాడు. దానికి ఆయనకొక సిద్ధాంతం ఉంది. "కొత్త ఊళ్లో పోలీసుని అడక్కూడదే గుంటా, పాదిరీని అడక్కూడదు. పోలీసుకి దొంగలుండే చోటు తెలుసు, పాదిరీకి పాపులుండే చోటు తెలుసు. మంగలికి ఊళ్లో తండ్రులందరూ తెలుసు." ఏ తండ్రి ఏ కొడుక్కి ఏ కొట్లో రైలు కొన్నాడో ఆ కుర్చీలో కూర్చుని చెప్పకుండా ఉండడట. మొహమంతా సబ్బునురుగుతో, బుగ్గలు పూరించి "కూ" అని, మోచేతులు చక్రాల్లా తిప్పితే, ప్రపంచంలో ఏ మంగలికైనా అర్థమవుతుందని ఆయన నమ్మకం. అన్నిసార్లూ అయ్యేది కాదు. ఒకసారి ఇలా రాశాడు: "ఇవాళ రెండు గడ్డాలు అయ్యాయి. మొదటివాడు నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి రైల్వేస్టేషనులో దింపి, టిక్కెట్టు గది కూడా చూపించాడు. రెండోవాడికి కొట్టు తెలుసు. దవడలు మిరపకాయ రాసినట్టు మండుతున్నాయి."

లివర్‌పూల్‌లో పెద్ద కొట్టువాడు అద్దాల బీరువా తెరిచి కరెంటు రైళ్లు చూపించాడట. కీ బండ్లు పాతబడిపోయాయి, ఇప్పుడెవరూ కొనరన్నాడట. "అయ్యా, మా ఊరికి ఇంకా కరెంటు రాలేదు. రైలూ రాలేదు. రెండింట్లో ఏది ముందొస్తే దాని సంగతి అప్పుడు మాట్లాడుకుందాం, ప్రస్తుతానికి కీ బండి ఇప్పించు" అన్నాడు మావయ్య. కొట్టువాడు నవ్వి, నిచ్చెన వేసుకుని అటకెక్కి, దుమ్ముపట్టిన డబ్బా దించాడు. అప్పటినుంచీ ప్రతి కొట్లోనూ అటక చూపించమనడం మొదలుపెట్టాడు. "బీరువాలో ఉన్నది కొట్టువాడు అమ్మదలుచుకున్నది. మనకి కావలసింది అటక మీద ఉంటుంది" అన్న ఆయన మాటని నేను బళ్లో పుస్తకాల కొనుగోలుకి కూడా వాడుకున్నాను. పనిచేసింది.

హాంబర్గు సంగతి వేరు. యుద్ధంలో కూలిన ఇళ్ల మధ్య, ఒక నేలమాళిగలో, ఒక ముసలాయన ఒకే ఒక అల్మరాతో కొట్టు నడుపుతున్నాడు. ఇంజనుకి డబ్బు తీసుకోనన్నాడు. కాఫీ ఉందా అని సైగ చేశాడు. మావయ్య పెట్టెలో మన అనంతగిరి కాఫీగింజల డబ్బా ఉంది. "అచ్చంగా మన సంతే గుంటా, వాడి ఉప్పుకి నా పసుపు" అని రాశాడు. ముసలాయన ఒక గింజ కొరికి, కళ్లు మూసుకుని, ఇది ఎక్కడిదని అడిగాడట. మావయ్య పొట్లం కాగితం మీద కొండ గీసి, కింద శృంగవరపుకోటకి ఒక చుక్క, పైన అరకుకి ఒక చుక్క పెట్టి, రెంటినీ కలుపుతూ నిటారుగా రైలుగీత గీశాడు. ముసలాయన తల అడ్డంగా ఆడించాడు. పెన్సిలు లాక్కుని ఆ గీత కొట్టేసి, కొండనడుం చుట్టూ మెలికలు తిరుగుతూ మెల్లగా ఎక్కే గీత గీసి ఇచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ అరకు కొట్టు గోడకి మేకు కొట్టి ఉంది. కాఫీ మరక కూడా ఉంది.

పసిహృదయం అన్న ఆయన కోసం ప్రత్యేకంగా కోబె సంగతి రాస్తున్నాను. జపానులో ఆ రేవుపట్నంలో కొట్టు ఆవిడ పెట్టెని రంగుకాగితంలో చుడుతూ, నేలకి రెండడుగుల ఎత్తున చెయ్యి పట్టి, బాబు ఇంతవాడా అని సైగ చేసింది. మావయ్య తన తలకి జానెడు పైన చెయ్యి పట్టాడు. సుక్రా మంచి పొడగరి. ఆవిడ ఫక్కున నవ్వి, రెండు పిప్పరమెంట్లు ఎక్కువ వేసిందట. ఆ పిప్పరమెంట్లు సుక్రాయే తిన్నాడు.

వేసవిలో సరుకంతా కిందికి పోయి గిడ్డంగి ఖాళీ అయ్యేది. అక్కడ వెదురుతడికలతో, ఎర్రమట్టితో మావయ్య కొండలు కట్టేవాడు. ఒక మూల కోట, మధ్యలో టైడా, అనంతగిరి, అవతలి మూల అరకు. మా అత్త గుమ్మంలో నిలబడి, "ఏటి సేత్తన్నావురా సన్నాసీ? బయటున్న కొండలు సాలవేటి, కొట్లో కూడా కొండలెడతన్నావు?" అనేది. సంతకి వచ్చినవాళ్లు పని ముగించుకుని గిడ్డంగిలో గోడవారన నిలబడి చూసేవారు. చూసి ఊరుకునేవారా? మా ఊటనీళ్లు పారే గెడ్డ ఏదీ అని ఒకరు, జీలుగుచెట్లు ఇటు కాదు అటు అని ఒకరు. నువ్వు పట్టాలు వేసిన చోట మా పెద్దల పేరున నిలిపిన రాళ్లున్నాయని ఒక ముసలమ్మ. మావయ్య ఒక్కరితోనూ వాదించలేదు. పట్టాలు పీకేవాడు, గెడ్డ తవ్వేవాడు, రాళ్లు పెట్టేవాడు, పక్కనుంచి మళ్లీ వేసేవాడు. ఈలోగా సెలవు అయిపోయేది. వానలకి ముందు అత్త ఆ మట్టంతా ఎత్తిపోయించేది. ఏ పనీ పూర్తిచెయ్యలేని మనిషి అని బంధువర్గంలో ఆయనకి వచ్చిన కీర్తి ఇలా వచ్చిందే. అడిగినవాడి మాట వినకుండా పూర్తిచెయ్యడం ఎవరికైనా చేతనవును.

కిందటి వేసవిలో సర్వేవాళ్లు గొలుసులూ దుర్భిణీలూ దారికి గుర్తుగా పాతే మేకులూ పట్టుకుని నిజంగానే కొండల్లోకి వచ్చారు. ఆ నెలలోనే మావయ్య మొదటిసారి పట్టాలన్నీ కలిపాడు. ఒక సంతనాడు గిడ్డంగి నిండా జనం. హాంబర్గు ముసలాయన చెప్పినట్టే మెలికలు తిరిగిన దారి. కీ తిప్పి వదిలాడు. ఇంజను మూడు పెట్టెల్ని లాక్కుంటూ, మూలుగుతూ, వంపులన్నీ తిరిగి, టైడా దాటి, అనంతగిరి దాటి, అరకులో ఆగింది. అప్పలస్వామి మావయ్య చప్పట్లు కొట్టాడు. సుక్రా గొంతుకూర్చుని, ఇంజను మొహంలోకి చూశాడు.

"బాగుంది ఓడబాబూ. ఎక్కింది. మరి దిగదా?"

"ఎందుకు దిగదు తాతా!"

"దించు."

కీ ఇచ్చి, మొహం కిందికి తిప్పి వదిలాడు. ఒక్క గుక్కలో మొదటి వంపు దాటింది. రెండో వంపులో పట్టాలు విడిచి, గాలిలో ఎగిరి, మూల ఉన్న పిప్పళ్ల బుట్టలో పడి, అక్కడ కూడా కాసేపు చక్రాలు కొట్టుకుంది. జనం విరగబడి నవ్వారు. మావయ్యా నవ్వాడు. నవ్వనివాడు సుక్రా.

"కావిడి మోసినోడికి ఎరికే బాబూ" అన్నాడు. "ఎక్కితే ఊపిరి పోద్ది, అంతే. దిగితేనే మోకాలు ఇరుగుద్ది. దీనికి మోకాలు నేదు."

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. మేం కిందినుంచి వచ్చినవాళ్లం. మా దృష్టిలో కొండ అంటే ఎక్కవలసిన వస్తువు. బస్సు ఎక్కిందా, సరుకు ఎక్కిందా, రైలు ఎక్కుతుందా, ఇంతే మా చింత. వాళ్లు పైన పుట్టినవాళ్లు. ఉప్పుకి దిగాలి, కోర్టుకి దిగాలి, జబ్బుచేస్తే ఆసుపత్రికి మంచంమీద దిగాలి. పదేళ్లు మట్టితో కొండలు కట్టిన మా ఇంట్లో ఒక్కరికీ దిగడం అనేది తట్టలేదు.

ఆలోచన తరవాత వచ్చింది. నోరు ముందే లేచింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాను: "పదేళ్లు ప్రపంచం చుట్టి, వందమంది మంగళ్ల చేత గడ్డం గీయించుకుని, చివరికి సగం రైలు తెచ్చావు మావయ్యా! ఓడ ఇంజనీరువి. సుక్రాకి తట్టినది నీకు తట్టలేదా? దిగే ఇంజను తెచ్చేదాకా ఈ గిడ్డంగిలో అడుగు పెట్టకు." అందరూ నవ్వారు. మావయ్య చేతిలో పళ్లెంతో నడుస్తున్నవాడల్లా ఆగాడు. పీట లాక్కుని కూర్చున్నాడు. ఆయన కూర్చుని అన్నం తినగా చూడడం నాకు అదే మొదలు. "ఉంటాయే గుంటా, అలాంటివి" అన్నాడు, నవ్వకుండా. "లోపల చిన్న బిళ్లలు ఉంటాయి. వేగం ఎక్కువైతే అవి విచ్చుకుని చక్రాన్ని పట్టి ఉంచుతాయి. ఓడ ఇంజనుకి ఉంటాయి. కీ ఇంజన్లకి పెట్టినవాళ్లు ఎక్కడో ఒకరో ఇద్దరో ఉన్నారని విన్నాను. దొరకాలి."

తరవాతి సంతలో సుక్రాకి మాట ఇచ్చాడు. "ఈసారి దిగేది తెత్తాను తాతా." "ఎన్ని సంతలకి?" "నలభై." కొండపల్లెల్లో పెళ్లికి చుట్టాలని పిలిచేటప్పుడు నారతాడుకి రోజుకొకటిగా ముడులు వేసి పంపుతారు. చుట్టాలు రోజుకొక ముడి విప్పుకుంటూ, ఆఖరి ముడి విప్పిన రోజున బయల్దేరతారు. సుక్రా అక్కడే కూర్చుని అడ్డతీగ నార పేని, సంతకొకటిగా నలభై ముడులు వేసి, ఒక్కొక్కటే మావయ్య చేత తాకించి, మొలకి కట్టుకున్నాడు. "బేగి రా బాబూ. మేకులు కొట్టేవోలు బేగి పనిసేత్తన్నారు" అన్నాడు. మావయ్య నవ్వి ఊరుకోవలసింది. ఆ తాడు నిజంగా మెడలో పడ్డట్టు బయల్దేరాడు.

ఆ తరవాతి ఉత్తరాల్లో ఒక్కదానిలోనూ నెమ్మది లేదు. మార్సేల్స్‌లో ఒకటి కనబడింది, లోపలి బిళ్లలు విరిగిపోయాయి. జెనోవాలో అటకలు కూడా ఖాళీ చేసి కరెంటువి నింపారు. గ్లాస్గోలో యుద్ధానికి ముందు ఉండేవన్నారు. నేను ఓదార్చానా? ప్రతి జవాబులోనూ, "మోకాలు దొరికిందా?" అన్న ఒక్క ముక్కతో మొదలుపెట్టాను. వేళాకోళం అనుకున్నాను. మా ఇద్దరికీ అదే ముద్దు. ఆయన ఆఖరి ఉత్తరం లండనునుంచి వచ్చింది. "గుంటా, ఇక్కడి కొట్టువాడు చెప్పాడు, ఆంట్‌వెర్ప్‌లో ఒక కొట్టు ఉందిట. అక్కడుంటే ఉన్నట్టు, లేకపోతే లోకంలో లేనట్టేనట. పేరు అతనికీ గుర్తు లేదు. మంగలి ఉన్నాడుగా! అరకు చలిజ్వరం మళ్లీ పలకరిస్తోంది. అక్కడ ఓడ ఆగేది ఒక్క రోజే."

మిగిలింది మలయాళీ మిత్రుడి ఉత్తరంలోది. మంచు పడుతోంది. జ్వరం ఉంది, వద్దన్నారు. రెండు కోట్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని దిగాడు. సాయంత్రానికి రాకపోతే వెతకబోయారు. ట్రాము ఆగే చోట, బల్లమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, మాట లేదు. మర్నాటికి ఆసుపత్రిలో పోయాడు. గడ్డం నున్నగా గీసి ఉందని ఆ మిత్రుడు ప్రత్యేకంగా రాశాడు, ఎందుకో ఆయనకి తెలియకపోయినా. చేతులు ఖాళీ. జేబులో ఒక కాగితం ముక్క. దాన్ని కవరులో పెట్టి పంపాడు. భాష తెలియనివాడి కోసం ఎవరో మంగలి పెన్సిలుతో గీసిన దారి అది. ఒక చర్చి శిఖరం, రెండు మలుపులు, చివర ఒక అడ్డగీత. కొట్టు పేరు లేదు, వీధి పేరు లేదు. ఉంటే ఈపాటికి ఆ కొట్టువాడికి పది ఉత్తరాలు రాసి ప్రాణం తీసేదాన్ని. ఆ బల్ల దగ్గర ఏ వైపు పోయే ట్రాము ఆగుతుందని మిత్రుడికి రాశాను. రెండు వైపులవీ అక్కడే ఆగుతాయని జవాబు వచ్చింది.

వార్త అందిన వారంలోనే, శుక్రవారం, సెలవు పెట్టి అరకు ఎక్కాను. సుక్రా కావిడితో వచ్చాడు. నన్ను చూసి మొలతాడు పైకెత్తి చూపించాడు. "ఐదే ఉన్నాయి పంతులమ్మా." దారంతా బస్సులో కూడబలుక్కున్న మాటలేవీ రాలేదు. "ఓడబాబు పోయాడు తాతా" అన్నాను. ఆయన్ని తాతా అని నేను పిలవడం అదే మొదటిసారి. కావిడి దించాడు. దానిమీద చెయ్యి వేసి అడిగాడు.

"దారిలోనా?"

"దారిలోనే."

"పోతన్నప్పుడా, వత్తన్నప్పుడా?"

తెలియదన్నాను. మొలనుంచి నారతాడు విప్పి, మిగిలిన ఐదు ముడులూ వేలితో తడిమాడు. "పోతన్నప్పుడైతే ఇవి ఇప్పకూడదమ్మా, అతనింకా ఎతుకుతానే ఉంటాడు. వత్తన్నప్పుడైతే ఇప్పీవొచ్చు, అతని పని అయిపోనాది." అది మీ ఆచారమా అని అడిగాను. పంతులమ్మని కదా, ఆ పూట కూడా ఆచారమో కాదో తేల్చుకోవాలి. "ఆసారం ఏటీ నేదు. నాకలగ అనిపిత్తాది" అని తాడు నా చేతిలో పెట్టాడు. "నువ్వు సదువుకున్నదానివి. తెలుసుకుని ఇప్పు."

ఇప్పుడు లోయనిండా సర్వేవాళ్ల తెల్లమేకులే. ఆ శుక్రవారమే ఒక కుర్ర ఇంజనీరుని ఆపి, ఎక్కడం సరే, దిగేటప్పుడు ఎలాగని అడిగాను. నవ్వి, "అవన్నీ లెక్క వేశామమ్మా" అన్నాడు. వేసే ఉంటారు. రైలు వస్తుంది, దిగుతుంది కూడా. కాని ఆ ప్రశ్న ఒక కావిడి మోసే ముసలాయన అడిగినప్పుడు, తాను తప్పు చేశానని పీట వేసుకుని కూర్చుని, దానికోసం జ్వరంతో మంచులోకి దిగిన కిందిమనిషి నాకు తెలిసి ఒక్కడే. ఆ ఒక్కడూ పోయాడు. సంతాపసభ ఎలాగూ జరిగింది కాబట్టి నేను కొత్తగా శ్రద్ధాంజలి అంటూ ఘటించేదేమీ లేదు. నా వేళాకోళాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషికి ఈ వ్యాసమే నా నమస్కారం.

నా బల్లమీద మంగలి గీసిన కాగితం ఉంది, దానిమీద ఐదు ముడుల నారతాడు ఉంది. రోజూ ఒక ముడి మీద గోరు పెడతాను, తీసేస్తాను. ఖాళీ చేతులు దేనికి సాక్ష్యం? ఇంకా చేరలేదనా, చేరితే అక్కడ లేదనా? ఆ బల్లమీద ఏ ట్రాము కోసం కూర్చున్నావు మావయ్యా, కొట్టుకి పోతూనా, కొట్టునుంచి వస్తూనా?